మాఫీ సార్ ఇంట్లో మంచు పందెం

కామేశ్వరరావుకి కంపెనీలో ఇంకో పేరుంది. ఎదురుగా ఎవరూ ఆ పేరుతో పిలవరు గానీ, వెనకాల అందరూ మాఫీ సార్ అనే అంటారని ఆయనకి ఎప్పుడో తెలిసిపోయింది. ఖతార్‌లో నాలుగు రోజులున్న ఎవరికైనా మాఫీ అంటే లేదు అని తెలుస్తుంది. హెల్మెట్ మాఫీ, డ్యూటీ మాఫీ. బెల్టు మాఫీ, నిచ్చెన మాఫీ. గ్యాస్ ప్లాంటులో సేఫ్టీ ఆఫీసరుగా ఆయన రోజంతా అనే మాటలు ఇవే. ఆ పేరు పెట్టినవాడెవడో తెలిస్తే పిలిచి టీ ఇప్పించాలని కూడా ఆయన అనుకునేవాడు. అది తిట్టు అని ఆయనకి ఒక్కసారి కూడా అనిపించలేదు.

సామర్లకోటలో పుట్టి, కాకినాడలో చదివి, పెళ్ళి కాకముందే దోహా వచ్చాడు. మొదట్లో అల్ మన్సూరాలో ఒక ఫ్లాటులో మరికొందరు బ్రహ్మచారులతో కలిసి ఉండేవాడు. వాళ్ళు ఈయన్ని భరించినందుకు దండలు వేసి ఊరేగించాలి. గ్యాసు కట్టేశారా లేదా అని ఆఫీసులకి ఫోన్లు చేసి మరీ అడిగేవాడు. పెళ్ళయి లలితకుమారి వచ్చాక ఆ చాదస్తమంతా ఆవిడ మీదికి మళ్ళింది. ఆవిడ కొన్నాళ్ళు సర్దుకుంది, కొన్నాళ్ళు పోట్లాడింది. అల్ వుకైర్‌లో ఇప్పుడున్న ఇల్లు తీసుకున్నాక, మెట్లకి ఒక పక్క ఉన్న కమ్మీ చాలదని రెండో పక్క కూడా వేయిస్తుంటే, ఇక ఈ మనిషి ఇంతే అని నవ్వి ఊరుకుంది.

ఇలాంటి మనిషికి ఎలాంటి కూతుర్ని ఇవ్వాలో దేవుడికి బాగా తెలుసు. ధాత్రి దోహాలోనే పుట్టింది. మంచు అంటే ఫ్రిజ్‌లో పేరుకునేది అనుకునే ఊళ్ళో పెరిగింది. దానికి ఎనిమిదేళ్ళప్పుడు, శీతాకాలం సెలవులకి ఇక్కడివాళ్ళు చాలామంది వెళ్ళినట్టే వీళ్ళూ జార్జియా వెళ్ళారు. విమానంలో ఒక సినిమా చూసి, పెట్టింది తినే లోపల వచ్చేసే దేశం. అక్కడ పిల్ల సరదా పడుతోందని లలితకుమారి దాని కాళ్ళకి స్కీ బద్దలు కట్టించింది. కట్టించింది నువ్వే అని కామేశ్వరరావు ఆ తర్వాత ఏళ్ళ తరబడి దెప్పుతూనే ఉన్నాడు. పిల్ల పడింది, లేచింది, మళ్ళీ పడింది. సాయంత్రం బద్దలు విప్పుతుంటే విప్పొద్దని ఏడ్చింది. అక్కణ్ణుంచి ప్రతి శీతాకాలం అదే పాట. పై చదువుకి ఎక్కడికి వెళ్తావని అడిగితే, పటంలో కొండలున్న చోట వేలు పెట్టింది. ఆస్ట్రియాలో సీటు వచ్చింది.

అక్కడ కాలేజీ జట్టులో చేరి మొదట్లో జెండాల మధ్య మెలికలు తిరిగే పందేలు ఆడింది. వాటికి కామేశ్వరరావు ఎలాగో గుండె చిక్కబట్టుకున్నాడు. ఈ ఏడు మాత్రం డౌన్‌హిల్‌లో దిగుతానంది. అందులో మెలికలు తక్కువ, వేగం ఎక్కువ. ఒక్కొక్కరే దిగుతారు, కొండ మీద నుంచి కిందిదాకా ఎవరు తక్కువ టైములో చేరితే వాళ్ళదే గెలుపు.

ఆయన ఊరుకునే రకమా. దొరికిన వీడియోలన్నీ చూశాడు. ఇక్కడి సల్వా రోడ్డు మీద కార్లు పోయే వేగంతో మనుషులు కొండ దిగుతున్నారు. కారుకి బ్రేకుంది, బెల్టుంది, చుట్టూ ఇనుముంది. వీళ్ళకి ఒంటికి అతుక్కున్న బట్ట, తలకి హెల్మెట్, పడితే ఉబ్బే గాలి జాకెట్టు, అంతే. పోనీ కింద మెత్తటి మంచేగా అనుకుంటే అదీ కాదు. పందేనికి ముందు నీళ్ళు పట్టి మరీ దాన్ని రాయిలా గట్టిపరుస్తారు. స్కీ బద్దల అంచులు కత్తుల్లా సానపట్టి ఉంటాయి, పడ్డప్పుడు సొంత కాళ్ళనే కోస్తాయి. మోకాళ్ళు మెలిపడి లోపలి పట్టీలు తెగిపోతాయి. అన్నిటికన్నా ఆయన్ని భయపెట్టింది వెలుతురు సంగతి. మబ్బు పడితే మంచు మీద నీడలు పోతాయట. గుంట ఏదో మిట్ట ఏదో తెలియదు, కళ్ళ ముందు ఉన్నదంతా ఒకటే తెలుపు. అంత వేగంలో ఆ తెలుపులోకి దూకడమే.

ఫోన్ చేసినప్పుడల్లా ప్రశ్నలే. దారి పక్కన వలలు ఎవరు కట్టారు, గట్టిగా ఉన్నాయా, డాక్టరు ఎక్కడ నిలబడతాడు, హెలికాప్టర్ ఎంత దూరంలో ఉంటుంది. ధాత్రి విసుక్కోకుండా అన్నిటికీ జవాబు చెప్పేది. ఒకరోజు మాత్రం మధ్యలో ఆపి, మెల్లగా అంది.

“నాన్నా, నువ్వు వద్దంటే మానేస్తాను. నిజంగానే.”

 రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా కనిపించిన ప్రతివాడికీ వద్దని చెప్పే మనిషి, కూతురికి చెప్పలేకపోయాడు. కొండ దిగి వచ్చి కళ్ళద్దాలు పైకి తోసుకున్నప్పుడు దాని ముఖం ఎలా ఉంటుందో ఆయన చూశాడు. ఆ ముఖం చూసినవాడెవడూ వద్దనలేడు. జాగ్రత్త తల్లీ అని పెట్టేశాడు. ఆ తర్వాత లలితకుమారి, వద్దని ఉండాల్సింది కదండీ అంటే, నువ్వే చెప్పకపోయావా అని ఎగిరాడు. ఇద్దరూ చెప్పలేదు.

ఆపలేనని తేలిపోయాక ఆయన ఇంకో దారి పట్టాడు. భయం కనపడకుండా గొప్పలు మొదలుపెట్టాడు. ఇప్పటిదాకా కూతురి ఆట గురించి పెదవి విప్పని మనిషి, ఆఫీసు లిఫ్టులో కనిపించినవాళ్ళకి కూడా చెప్పడం మొదలెట్టాడు. శుక్రవారం మధ్యాహ్నం పందెం, నెట్‌లో లైవ్ వస్తుంది, అందరూ మా ఇంటికే రండి, భోజనం కూడా మా ఇంట్లోనే అని కాంపౌండులో ఉన్న తెలుగు కుటుంబాలన్నిటినీ పిలిచేశాడు. లలితకుమారి తల పట్టుకుంది. పట్టుకుంటూనే మినప్పప్పు నానబోసింది.

శుక్రవారం నాడు కుర్చీలు సర్దడానికి నగేష్ వచ్చాడు. నగేష్‌ది నిర్మల్ దగ్గర ఊరు. ఇప్పుడు కంపెనీ స్టోర్‌లో పని. అంతకుముందు ఎత్తుల మీద ఇనుప గొట్టాలు బిగించి పరంజా కట్టేవాడు. ఒకరోజు ఇసుక గాలి లేచింది. అతనికి ఎక్కబుద్ధి కాలేదు. కానీ కింద ముఠా అంతా నిలబడి ఉంది, ఫోర్‌మన్ యల్లా యల్లా అని తొందరపెడుతున్నాడు. ఎక్కాడు, జారాడు. నడుముకున్న బెల్టు పట్టి ఆపింది గానీ, వేలాడిన ఊపుకి భుజం కీలు తప్పింది. ఆస్పత్రికి వెళ్ళి కామేశ్వరరావు కేకలేశాడు, భయమేసినప్పుడు దిగిపోవాలని నేను ఎన్నిసార్లు చెప్పాను అని. అప్పుడు నగేష్ మంచం మీద నుంచి అన్న మాట ఆయన ఇప్పటికీ కొత్తగా వచ్చిన ప్రతి బ్యాచ్‌కీ చెప్తాడు.

“అందరు సూస్తున్నరు గద సార్. దిగితే ఇజ్జత్ పోతదని ఎక్కిన.”

అప్పటినుంచి నగేష్ సెలవు రోజుల్లో ఈ ఇంటికి వస్తూ పోతూ ఉంటాడు. లలితకుమారి చేసే గారెలంటే అతనికి ప్రాణం.

జుమ్మా నమాజు అయి వీధిలో కార్లు కదిలే వేళకి హాలు నిండిపోయింది. సోఫాల్లో పెద్దవాళ్ళు, కింద తివాచీ మీద పిల్లలు, వంటింట్లో ఆడవాళ్ళు. టీవీలో కొండ కనిపిస్తోంది. పైన ఒక కెమెరా, కింద ఒక కెమెరా. పందెం మొదలవడానికి ఇంకా కొంచెం టైముంది. కామేశ్వరరావు కూతురికి ఫోన్ కలిపాడు.

మన తెలుగువాళ్ళకి ఒక జబ్బుంది. ఫోన్‌లో ఒక మనిషి దొరికితే ఆ ఫోను ఇల్లంతా తిరగాల్సిందే. పరీక్షకి వెళ్ళేవాడైనా, ఆపరేషన్ బల్ల ఎక్కబోయేవాడైనా, వరసగా అందరితో మాట్లాడి, అందరి ఆశీర్వాదాలూ తీసుకుని గానీ కదలకూడదు. ఫోన్ సోఫాలోంచి బయల్దేరింది. ఒకాయన బంగారు పతకం తేవాలన్నాడు. ఆయన భార్య, మా పిల్లలకి రోజూ నిన్నే చూపిస్తున్నామంది. రిటైరై కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన దేశం గురించి, తెలుగుజాతి గురించి చాలాసేపు మాట్లాడాడు. ఒకావిడ, పందెం అవగానే మా అమ్మాయికి ఒక ఆటోగ్రాఫ్ పంపమంది. అన్నిటికీ ధాత్రి థాంక్స్ ఆంటీ, థాంక్స్ అంకుల్ అంటూనే ఉంది. కొండ మీద చలిలో, కాసేపట్లో ప్రాణాలకి తెగించి దూకబోయే పిల్ల, అల్ వుకైర్‌లో ఎవరి మనసూ నొచ్చుకోకుండా చూసుకుంటూ నిలబడింది.

చివరికి ఫోన్ తండ్రి చేతికి వచ్చింది. పిల్ల గొంతు సన్నగా వినిపించింది ఆయనకి. ఎలా ఉందమ్మా అక్కడ అని అడిగాడు.

“మబ్బు పట్టింది నాన్నా,” అంది ధాత్రి.

అక్కడ ఆగాల్సింది. ఆ ఒక్క మాటకి ప్లాంటులో అయితే ఆయన మొత్తం పని ఆపించేసేవాడు. కానీ గదిలో అందరూ ఆయన ముఖంలోకే చూస్తున్నారు. పిలిచింది తను, గొప్పలు చెప్పింది తను. గొంతు పెంచి, నవ్వు ముఖంతో అన్నాడు.

“ఏం పర్లేదు తల్లీ. ఇక్కడ అందరూ నీ కోసమే కూర్చుని చూస్తున్నారు. మన పరువు నిలబెట్టు.”

అందరూ చప్పట్లు కొట్టారు. అటువైపు నుంచి సరే నాన్నా అని వినిపించి ఫోన్ కట్టయింది.

మంచినీళ్ళ గ్లాసులు అందిస్తూ నగేష్ దగ్గరికి వచ్చాడు. పాప ఏమన్నదని అడిగాడు. మబ్బు పట్టిందందని చెప్పాడు కామేశ్వరరావు.

“మరి మీరేమన్నరు సార్?”

అతను మామూలుగానే అడిగాడు. జవాబు చెప్పబోయి కామేశ్వరరావు నాలుక్కరుచుకున్నాడు. అందరూ చూస్తున్నారు. పరువు. ఈ రెండు మాటలే కదా ఆనాడు ఈ మనిషిని ఇసుక గాలిలోకి ఎక్కించింది. ఏళ్ళ తరబడి ఏ మాట ఎవరితోనూ అనకూడదని ఊళ్ళో అందరికీ చెప్పి, ఆ మాటే తీసుకెళ్ళి కన్నకూతురి చెవిలో వేశాడు, అదీ పిల్ల కొండ అంచున నిలబడి ఉండగా. 

గ్లాసు అక్కడే పెట్టేసి పెరట్లోకి పరిగెత్తాడు. మళ్ళీ ఫోన్ చేశాడు. స్విచ్ ఆఫ్. పందేనికి ముందు ఫోన్లన్నీ కోచ్ సంచీలో పడేస్తారని ధాత్రే ఎప్పుడో చెప్పింది. అయినా చేస్తూనే ఉన్నాడు. దిగొద్దు, ఎవరూ ఏమీ అనుకోరు అని మెసేజ్ పెట్టాడు. అది అటువైపుకి చేరనే లేదు. ఎండలో నిలబడి ఆ మెసేజ్ వంకే చూస్తూ ఉండిపోయాడు.

వంటింట్లోకి వచ్చి భార్యతో చెప్పాడు, తప్పు మాట అన్నానే దానితో అని. లలితకుమారి ఆయన్ని ఎగాదిగా చూసింది. ఇన్నేళ్ళలో ఈ మనిషి తప్పు తనదని తనంతట తను అనడం ఆవిడ వినలేదు. పొయ్యి కట్టేసింది. మీరు చెప్పినట్టు నడిచే పిల్లయితే అసలు మంచులోకే వెళ్ళేది కాదు, ఏమీ కాదు రండి అని ధైర్యం చెప్పింది. ఆ ధైర్యం ఆయనకి అంటలేదు. నువ్వు వద్దంటే మానేస్తానన్న పిల్ల, తను దూకమంటే దూకదా. పందెం చూడను, వంటింట్లోనే ఉంటానని పొద్దున్నే ఒట్టు పెట్టుకున్న లలితకుమారి, చేతులు తుడుచుకుని వచ్చి టీవీ ముందు భర్త పక్కన కూర్చుంది.

మొదట దిగినవాళ్ళు క్షేమంగానే కింద చేరారు. హాల్లో పిల్లలు ఈలలు వేశారు. ఆ తర్వాత ఎర్ర దుస్తుల్లో ఒక అమ్మాయి దిగింది. పై కెమెరాలోంచి మాయమయింది, కింది కెమెరాలోకి దూరంగా వచ్చింది. ఒక మిట్ట దగ్గర గాల్లోకి లేచింది. దిగాల్సిన చోట దిగలేదు. ఒక బద్ద ఊడి వేరే వైపు ఎగిరిపోయింది. మనిషి పొర్లుకుంటూ వెళ్ళి వలల్లో పడింది, పొగలా మంచు లేచి ఏమీ కనబడలేదు. హాల్లో ఎవరో టీవీ గొంతు తగ్గించారు. మనుషులు అటు పరిగెత్తారు. చాలాసేపటికి స్ట్రెచర్ మీద ఆ అమ్మాయిని కట్టి తీసుకెళ్తుంటే ఒక చెయ్యి పైకి లేచి ఊగింది. లలితకుమారి ఆ పిల్ల తల్లి ఎవరో, ఎక్కడుందో అని గట్టిగా కళ్ళు మూసుకుంది. హెలికాప్టర్ వచ్చి వెళ్ళింది. పందెం మళ్ళీ మొదలయింది. వెలుతురు మాత్రం ఇందాకటికంటే తగ్గిపోయింది.

ఇంకొందరు దిగాక తెర మీద ధాత్రి పేరు పడింది. పిల్లలు అక్క, అక్క అని అరిచారు. హెల్మెట్, కళ్ళద్దాలు, ముఖం కనిపించకుండా గుడ్డ. అయినా ఆ నిలబడే తీరు చూసి తల్లిదండ్రులిద్దరికీ అది తమ పిల్లేనని తెలిసింది. రెండు చేతుల్లో కర్రలు ముందుకి గుచ్చి వంగి నిలబడింది. లెక్కపెట్టే బీప్ మొదలయింది.  ఈ లోకంలో అప్పుడు కామేశ్వరరావుకి కావలసింది ఒక్కటే. అది దిగకూడదు.

ధాత్రి నిటారుగా నిలబడింది. పక్కనున్న మనిషితో ఏదో అంది. ఆ మనిషి తల ఊపాడు. అది కర్రలు పైకి తీసుకుని, అడ్డంగా అడుగులేసుకుంటూ పక్కకి వెళ్ళిపోయింది. దాని వెనకున్న అమ్మాయి ముందుకి వచ్చి ఆ చోట నిలబడింది. తెర మీద ధాత్రి పేరు పక్కన, పందెంలో దిగలేదు అన్న అర్థం వచ్చే మూడక్షరాలు పడ్డాయి.

 హాల్లో ఓదార్పులు మొదలయ్యాయి. పాపం, ఏం కష్టం వచ్చిందో అని ఒకరు. పొద్దున ఏం తిందో, కడుపు నొప్పేమో అని ఇంకొకరు. తెలుగుజాతి గురించి మాట్లాడిన పెద్దాయన కామేశ్వరరావు భుజం మీద చెయ్యి వేసి, వచ్చే ఏడు చూసుకుందాం బాబూ, ధైర్యంగా ఉండాలి అన్నాడు. కామేశ్వరరావు కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. అది అవమానమే అనుకుని పెద్దాయన ఇంకాస్త గట్టిగా తట్టాడు.

ఆయన లేచి మెట్ల దాకా వెళ్ళాడు. అక్కడే కూలబడి, అమ్మయ్య, అన్నాడు పైకే. గుండెల మీద ఎన్నాళ్ళుగానో కూర్చున్న బరువు ఒక్కసారిగా దిగింది. పిల్ల బతికి ఉంది. రెండు కాళ్ళ మీద నడిచి పక్కకి వెళ్ళింది. అంతకంటే పెద్ద పతకం ఎక్కడైనా ఉందా అని ఆయనకి అనిపించింది. లేచి ముఖం కడుక్కుని, గారెల పళ్ళెం తనే చేతిలోకి తీసుకుని వడ్డన మొదలెట్టాడు. వద్దన్నవాళ్ళకి కూడా వేశాడు. పాపం మనిషికి మతి చలించింది అన్నట్టు చూశారు కొందరు. నగేష్ మాత్రం తన పళ్ళెం ముందుకి చాపాడు.

“పాప మంచి పని చేసింది సార్,” అన్నాడు. అంతే అన్నాడు, తినడంలో పడ్డాడు.

భోజనాలు సగంలో ఉండగా ఫోన్ మోగింది. ఈసారి కామేశ్వరరావు ఫోన్ ఎవరి చేతికీ ఇవ్వలేదు. లలితకుమారిని వెంటబెట్టుకుని మెట్ల మీదికి వెళ్ళి కూర్చున్నాడు.

“నాన్నా, నేను దిగలేదు.”

“చూశాం తల్లీ.”

“భయమేసింది నాన్నా.”

ఎన్నో ఏళ్ళుగా ఎంతోమంది నోట వినాలని ఆయన ఎదురుచూసిన మాట అది. ఎవరూ అనరు. కీళ్ళు తప్పాక, ఎముకలు విరిగాక, ఆస్పత్రి మంచం మీద అంటారు. ఇది ముందే అంది. ఆయన పడిపోయిన అమ్మాయి గురించి అడిగాడు. కాలు విరిగిందట, స్పృహలోనే ఉందట, పక్క గదిలో ఉండే అమ్మాయేనట. హెలికాప్టర్ ఎక్కిస్తుంటే, గది బయట ఉన్న నా బూట్లు ఎవరైనా లోపల పెట్టండి అని చెప్పిందట. 

“అక్కడ అందరూ ఏమంటున్నారు?” అంది ధాత్రి.

“ఏమంటారు. గారెలు తింటున్నారు.”

అది నవ్వింది. నవ్వు మధ్యలోనే ఏడుపు వచ్చేసింది దానికి. ఏడవనిచ్చి, ఇందాక నేనన్న మాట అనకుండా ఉండాల్సిందమ్మా, నన్ను క్షమించు అన్నాడు కామేశ్వరరావు.  ధాత్రి ముక్కు ఎగబీల్చి చెప్పింది.

“నువ్వు ఫోన్ చేయకముందే కోచ్‌తో చెప్పేద్దామనుకున్నాను నాన్నా, నా వల్ల కాదని. మీ అందరితో మాట్లాడాక చెప్పలేకపోయాను. అందుకే అంతదాకా వెళ్ళి నిలబడ్డాను.”

కామేశ్వరరావుకి అర్థమయింది. బీప్ మొదలయ్యేదాకా దాన్ని అక్కడ నిలబెట్టింది తన మాటే. దానికీ ఆ తెల్లటి లోయకీ మధ్య తను వెయ్యాల్సిన అడ్డు తనే తీసేశాడు.

“మరి ఎలా ఆగావమ్మా?” అన్నాడు.

“నాన్న తిడితే తిడతాడులే అనుకున్నాను. తిట్లు తినడానికైనా నేనుండాలి కదా.”

 లలితకుమారి ఆయన చేతిలోంచి ఫోన్ లాక్కుంది. లాక్కుని మొదలుపెట్టింది. పొద్దున్నుంచీ ఏమైనా తిన్నావా, ఆ చలిలో ఇంకా బయటే నిలబడ్డావా, ఆ గొంతేమిటి అలా ఉంది, చెప్తే వినవు కదా, చిన్నప్పటినుంచీ ఇంతే నువ్వు. అటునుంచి ఏడుస్తూనే సరే అమ్మా, సరే అమ్మా అంటోంది ధాత్రి. కింద హాల్లో ఎవరో ఇంకో గారె అడుగుతున్నారు. కామేశ్వరరావు కదల్లేదు. భార్య భుజానికి తల ఆనించి, కూతుర్ని ఆవిడ తిడుతున్న తిట్లన్నీ ఒక్కటీ పోనివ్వకుండా వింటూ కూర్చున్నాడు.